శాలువా బదులు చేబదులు: బరంపురం తెలుగు పెద్దలకు బహిరంగ లేఖ

మన ఊరి తెలుగు సంఘాల పెద్దలకు, కుల సంఘాల కార్యవర్గాలకు నమస్కారం.

ఆగస్టు 29న గిడుగు వారి జయంతి సభలో నన్ను సన్మానిస్తామని కబురు పంపారు. పట్టు మగ్గాల వీధి పిల్ల, పీహెచ్‌డీ పూర్తి చేసింది, పిలిచి శాలువా కప్పుదాం అనుకున్నారట. సంతోషం. మీ ఆహ్వానం కార్డును నాన్న మగ్గం పక్క గోడకు గుచ్చి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. సభకు తప్పకుండా వస్తాను. శాలువా మాత్రం వద్దు. ఎందుకు వద్దో వేదిక మీద రెండు నిమిషాల్లో చెప్పలేను. పైగా పోయినసారి నాకు మైకు ఇచ్చేసరికి కింద భోజనాలకు పిలుపు వచ్చేసింది. అందుకే ముందుగా ఈ ఉత్తరం.

నా చదువు జీవశాస్త్రం, నా పీహెచ్‌డీ దోమల మీద. 2018 ఆగస్టులో చేరాను, 2024 చివర్లో థీసిస్ ఇచ్చాను, ఈ వేసవిలో వైవా అయింది. దాదాపు ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా వీధి మొదట్లోనే ఎవరో ఒకరు ఆపేవారు. "ఏటమ్మా, ఇంకా సదువుతున్నావా?" అడిగినవాళ్ల మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఇంజినీరింగ్ నాలుగేళ్లు, మరి ఇదేమిటి ఎంతకీ తెమలదు అని వాళ్ల సందేహం.

చదువు అనే మాటతోనే చిక్కు. మొదట్లో కొన్ని నెలలు కోర్సువర్క్, దానికో పరీక్ష ఉంటాయి. ఆ తర్వాతదంతా పని. కూలి పనిలాగే ఒళ్లు అలిసే పని. నా పని సాయంత్రం ఆరింటికి మొదలయ్యేది.

గజపతి జిల్లాలో మోహన దాటి కొండల్లోకి పోతే సవర గిరిజనుల ఊళ్లు వస్తాయి. చీకటి పడ్డాక అక్కడ పశువుల కొట్టంలో టార్చి పట్టుకుని గోడలు వెతకాలి. ఇళ్లలో మనకు కనబడే మామూలు దోమ గోడకు సమంగా ఆనుకుని కూర్చుంటుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ అలా కాదు, తల కిందికి, తోక పైకి పెట్టి గోడకు ముల్లు గుచ్చినట్టు ఏటవాలుగా ఉంటుంది. కనబడగానే సక్షన్ ట్యూబు గాజు మూతి దాని మీద ఆనించి రెండో కొస నుంచి నోటితో పీల్చాలి. గట్టిగా పీలిస్తే రెక్క ఊడిపోతుంది, మెల్లగా పీలిస్తే ఎగిరిపోతుంది. (నోట్లోకి రాదా అని అమ్మ భయం. మధ్యలో వల గుడ్డ ఉంటుందని పదిసార్లు చెప్పాను, నమ్మలేదు.) పట్టిన దోమను కాగితం కప్పులోకి ఊది, పైన దోమతెర ముక్క కట్టి, రబ్బరు బ్యాండు వేసి, పంచదార నీళ్లలో ముంచిన దూది దాని మీద పెట్టాలి. కప్పు మీద గంట, చోటు రాయాలి. గంటకో కప్పు చొప్పున సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఆరు దాకా. రాత్రి రెండింటికి ఆవు ఒక్కసారి తోక విసిరిందంటే చేతిలో కప్పు, టార్చి, నిద్ర మూడూ ఎగిరిపోయేవి.

మన కొండల్లో మలేరియాను మోసే దోమల్లో ముఖ్యమైనది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. నెమ్మదిగా పారే సెలయేటి అంచుల్లో గుడ్లు పెడుతుంది. గమ్మత్తేమిటంటే ఆ పేరుతో తిరిగేది ఒక్క దోమ కాదు. ఎస్, టీ, యూ అని మూడు రకాలున్నాయి. మైక్రోస్కోపు కింద ఎంతసేపు చూసినా మూడూ ఒకటే. ఎస్ రకం మనిషి రక్తం వెతుక్కుంటూ వస్తుంది, మలేరియాను మోయడంలో దిట్ట. మిగతా రెండూ ఎక్కువగా పశువుల మీద పడి బతుకుతాయి. ఏది ఏదో తేలాలంటే డీఎన్ఏ చూడాల్సిందే. దానికి దోమ కాలు ఒక్కటి చాలు.

2016లో ఒడిశాలో మలేరియా కేసులు 4 లక్షలు దాటాయి. 2019 నాటికి 40 వేల లోపుకు దిగాయి. మధ్యలో మందు పట్టించిన దోమతెరలు ఊరూరా పంచారు. చేరుకోవడం కష్టమైన ఊళ్లలో జ్వరం లేనివాళ్లకు కూడా రక్తపరీక్ష చేసి మందులిచ్చారు. మరి మనుషులు తెరలోకి వెళ్లాక దోమ ఏం చేస్తోంది? తెర దించేలోపే కుడుతోందా? వాకిట్లో కుడుతోందా? ఆవు మీదికి మళ్లిందా? నేను ఆరేళ్లు వెతికింది ఇదే. సగం జవాబు దొరికింది. మా పనిలో సగం దొరకడం మంచి పంట కిందే లెక్క.

ఆ ఊళ్లలో తిరగడానికి సవర మాటలు నాలుగు నేర్చుకోక తప్పలేదు. అప్పుడు మీరే గుర్తొచ్చారు. పర్లాకిమిడిలో పనిచేస్తూ గిడుగు రామమూర్తిగారు సవరలను ఇంటికి పిలిపించుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో దాని వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మొదలుపెట్టిన నాటి నుంచి అచ్చయ్యేదాకా ఎన్ని ఏళ్లు పట్టిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఏటా మీరు ఆయన ఫోటోకు దండ వేసి వాడుక భాష మీద ప్రసంగాలు చేస్తారు. వాడుక భాష ఉద్యమం ఒక ఎత్తు. దానితో పాటు ఆయన జీవితమంతా చేసింది పరిశోధన. "ఏటి పంతులుగారూ, ఇంకా రాస్తున్నారా" అని పర్లాకిమిడి వీధిలో ఆయన్నీ ఎవరో అడిగే ఉంటారు.

ఊళ్ల నుంచి లాబుకు వస్తే అదో లోకం. దోమ కాలు నుంచి తీసిన డీఎన్ఏను పీసీఆర్ మిషన్లో పెంచి, గెల్ అనే జిగురు పలకలో పోసి కరెంటు పెడతాం. ఆ తర్వాత దీపం కింద చూస్తే గీతలు మెరుస్తాయి. గీత ఎక్కడ ఆగిందో చూసి రకం చెప్పాలి. ఒక గాడిలో మాత్రం డీఎన్ఏ వెయ్యకుండా ఉత్త నీళ్లు పోస్తాం. అందులో ఏమీ రాకూడదు. 2019 నవంబరులో ఒకరోజు ఆ నీళ్ల గాడిలో కూడా గీత వచ్చింది. అంటే ఎక్కడో ఏదో కలిసింది, ఆ రోజు చేసినదంతా చెత్తబుట్టలోకి. మర్నాడు మళ్లీ వచ్చింది. నీళ్లు మార్చాను, ప్రైమర్లు మార్చాను, టిప్పుల డబ్బా మార్చాను, బల్ల బ్లీచుతో కడిగాను. వారం రాదు, వారం వస్తుంది. నాలుగు నెలలు. చివరికి చూస్తే చుక్కలు కొలిచి పోసే పిపెట్ ఒకదాని గొంతులో ఎప్పటిదో తడి ఇరుక్కుని ఉంది. విప్పి కడిగితే పోయింది. పట్టు చీర నేతలో ఒక పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతుక్కుంటూ నాన్న పూట గడిపేస్తాడు, నాది నాలుగు నెలలు పట్టింది. ఆ పిపెట్ కడిగిన వారానికే లాక్‌డౌన్ వచ్చి లాబుకు తాళం పడింది.

ఇవన్నీ భరించవచ్చు. ప్రయోగం చెడితే బాధ ఉంటుంది కానీ అందులో అవమానం లేదు. అవమానం ఎక్కడుందంటే డబ్బు దగ్గర. శాలువా వద్దన్నది దాని గురించే.

జీవశాస్త్రంలో పీహెచ్‌డీకి డబ్బు ఎలా వస్తుందో మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఏడాదికి రెండుసార్లు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష పెడతారు. బయోటెక్నాలజీ విభాగానిదో పరీక్ష, వైద్య పరిశోధన మండలిదో పరీక్ష. వీటిలో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే ఇప్పుడు నెలకు 37,000, రెండేళ్ల తర్వాత పనితీరు చూసి 42,000. ఇంటి అద్దె వేరు. ఈ రేటు 2023 జనవరి నుంచి. నేను చేరినప్పుడు 25,000, మధ్యలో 31,000 అయింది. మొత్తం అయిదేళ్లు ఇస్తారు. వినడానికి బాగుంది కదా? నిజమే, మన ఊళ్లో చాలా ప్రైవేటు కాలేజీ లెక్చరర్ల జీతం కంటే నయం.

అయితే రెండు మెలికలున్నాయి. ఒకటి, అదే నెట్ పరీక్షలో కాస్త కింద ర్యాంకు వస్తే లెక్చరర్‌షిప్ అర్హత అంటారు. పీహెచ్‌డీలో చేరవచ్చు, ఫెలోషిప్ ఉండదు. లైఫ్ సైన్సెస్ పేపరు సి భాగంలో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పయితే ఒకటి కోత. ఒక్క ప్రశ్న అటూ ఇటూ అయితే ఒకే లాబులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి 37,000, ఇంకొకరికి సున్నా. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అయితే నెట్ లేనివాళ్లకు నెలకు 8,000 ఇస్తారు, అది ఎన్నో ఏళ్లుగా 8,000 దగ్గరే ఉండిపోయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అదీ లేదు. ఆ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లో ఉంటుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో తడబడే ఇంగ్లీషు. ఆ 4 మార్కుల ప్రశ్నను ఒకటికి రెండుసార్లు చదువుకోవడానికే సమయం పోతుంది. నాకూ పోయింది, మూడోసారికి గట్టెక్కాను.

రెండో మెలిక, వచ్చిన ఫెలోషిప్ నెలనెలా రాదు. హాజరు కాగితం మీద గైడు సంతకం, ఆ పైన విభాగాధిపతి సంతకం, ఆ తర్వాత ఫైనాన్స్ సెక్షన్ ముద్ర, ఆ పైన వెబ్‌సైటులో ఎక్కించడం, పై ఆఫీసు మంజూరు. ఎవరో ఒకరు సెలవులో ఉంటారు. మార్చి వస్తే బడ్జెట్ అయిపోయిందంటారు, ఏప్రిల్ వస్తే ఇంకా రాలేదంటారు. మూడో ఏడాదికి గ్రేడు పెంచాలంటే కమిటీ కూర్చోవాలి, కమిటీ కూర్చునే దాకా పాతదీ ఆగుతుంది, కొత్తదీ రాదు. 2021లో నాకు ఏడు నెలలు ఒక్క రూపాయి రాలేదు. ఎవరి తప్పో నాకు ఇప్పటికీ తెలియదు, పేర్లు రాయను, రాసి ప్రయోజనం కూడా లేదు. చివరికి డబ్బు మొత్తం ఒకేసారి వచ్చింది, పైసా తగ్గలేదు. ఏడు నెలల తర్వాత వచ్చింది, అంతే.

ఆ ఏడు నెలలు ఎలా గడిచాయో చెప్తాను. మొదటి రెండు నెలలు దాచుకున్నది సరిపోయింది. మూడో నెల హాస్టల్ మెస్ బాకీ పడింది. నాలుగో నెల లాబ్ సీనియర్ దగ్గర చేబదులు తీసుకున్నాను, ఆమెకూ రావడం లేదని తర్వాత తెలిసింది. అయిదో నెల నాన్నకు ఫోన్ చేశాను. అడగలేదు, బాగున్నావా అని మాత్రమే అడిగాను. గొంతు విని కనిపెట్టాడు. పట్టు నూలు కొనడానికి ఉంచిన 18,000 మర్నాడు నా ఖాతాలో వేశాడు. ఆ నెల ఇరవై రోజులు మా ఇంట్లో మగ్గం ఆడలేదు. నాకు అది అమ్మ చెప్పలేదు, తమ్ముడు చెప్పాడు. మగ్గం చప్పుడు లేకపోతే రాత్రి నిద్ర పట్టడం లేదని నాన్న అరుగు మీద కూర్చుంటున్నాడట.

నేను అదృష్టవంతురాలిని. నా డబ్బు ఆలస్యంగానైనా వచ్చేదే. పక్క లాబులో గుణుపురం కుర్రాడొకడు ఉండేవాడు. మన తెలుగువాడే, తండ్రి కిరాణా కొట్టులో గుమస్తా. కొరాపుట్ దేశవాళీ వరి మీద పనిచేసేవాడు. జయపురం ప్రాంతం వరికి పుట్టిళ్లలో ఒకటని శాస్త్రవేత్తలు చెప్తారు. అక్కడి గిరిజనులు తరాలుగా కాపాడుకుంటూ వస్తున్న సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఈ కుర్రాడు సంతల్లో తిరిగి, ముసలమ్మల దగ్గర కూర్చుని, గుప్పెడేసి విత్తనాలు తెచ్చి డీఎన్ఏ తీసేవాడు. వాడి చేతికి పిపెట్ ఇస్తే చూడముచ్చటగా ఉండేది. ట్యూబుల మీద అందరూ ఇంగ్లీషు అంకెలు రాస్తే, వాడు తెలుగు అక్షరాలు రాసేవాడు. క, ఖ, గ, ఘ. ఎందుకురా అంటే, ఇక్కడ ఎవడూ చదవలేడక్కా, నా ట్యూబులు ఎవడూ ఎత్తుకుపోడు అనేవాడు.

వాడికి నెట్‌లో లెక్చరర్‌షిప్ వచ్చింది, జేఆర్ఎఫ్ రాలేదు. పొద్దున లాబు, సాయంత్రం ఇంటర్ పిల్లలకు బోటనీ ట్యూషన్లు, రాత్రి మళ్లీ లాబు. మధ్యలో తండ్రికి పక్షవాతం వచ్చింది. మూడో ఏడాది దసరాకు ఇంటికెళ్లినవాడు తిరిగి రాలేదు. ఇప్పుడు విజయనగరంలో మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. బాగానే సంపాదిస్తున్నాడు, పెళ్లయింది, తప్పుపట్టను. నేను థీసిస్ ఇచ్చి లాబు ఖాళీ చేసిన రోజు మైనస్ 80 ఫ్రీజర్ తెరిస్తే కింది అరలో వాడి పెట్టె ఇంకా ఉంది. మంచు తుడిస్తే మూత మీద 'ఱ' కనబడింది. పెట్టెకు ఆ అక్షరం ఎందుకు పెట్టావురా అని అడుగుదామనుకుని ఎప్పుడూ అడగలేదు.

వాడికి కావలసింది లక్షలు కాదు. నెలకు పదివేలు, ఓ పది నెలలు. అంతవరకే లెక్క వేసినా మూడో ఏడాది గడిచిపోయేది, ఆ తర్వాత గైడు ప్రాజెక్టులో చోటు దొరికేది. (దొరికేదే అని గ్యారంటీ ఇవ్వలేను. కానీ మరుసటి ఏడాది ఆ గైడుకు ప్రాజెక్టు వచ్చింది, అందులో ఇంకెవరో చేరారు.)

పెద్దలకు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్తే ఛాతీ పొంగుతుంది. మన ఊళ్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర ఉంది చూడండి, అది ఆయన నడిపిన లాబులో తేలిన మందు. బోదకాలు మన గంజాం తీరానికి కొత్త కాదు, మా నాయనమ్మ కాలే చెప్తుంది. ఆయన బోస్టన్ వెళ్లడానికి డబ్బు ఎక్కడిది? మామగారు కొంత కూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. ఆ మాట మీదే ఆయన ఓడెక్కాడు. అక్కడికెళ్లాక కూడా చాలక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు కడిగాడు. 1925లో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టాడు, ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో నేనూ చేశాను, టెస్ట్ ట్యూబులో నీలం రంగు తేలుతుంది. ఆయన చేతికి పీహెచ్‌డీ వచ్చింది 1930లో, 35 ఏళ్ల వయసులో. నాకు 31. వయసు గురించి బెంగపడుతున్న అత్తయ్యలకు, పిన్నులకు ఈ ఒక్క లెక్క మనవి.

కాకినాడ ధర్మసంస్థ సుబ్బారావుగారికి శాలువా కప్పిందో లేదో నాకు తెలియదు. కావలసినప్పుడు డబ్బు ఇస్తానంది.

మిమ్మల్ని నేను అడిగేదీ అదే. శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీలు, వేదిక పూలు ఈ ఏడాదికి పక్కన పెట్టండి. ఆ డబ్బుతో పరిశోధక విద్యార్థులకు చేబదులు నిధి ఒకటి మొదలుపెట్టండి. స్కాలర్‌షిప్ అనడం లేదు, విరాళం అనడం లేదు. చేబదులు. వడ్డీ లేదు. ఫెలోషిప్ ఆగిన నెలల్లో నెలకు పదివేలు, ఆరు నెలలకు మించకుండా. బకాయి వచ్చిన నెలలోనే తిరిగి కట్టాలి. ఒకేసారి ముగ్గురు అడిగినా 1,80,000. ఫెలోషిప్ అసలే లేని వాళ్లకు మాత్రం కట్టే గడువు ఉద్యోగం వచ్చాక రెండేళ్లు పెట్టండి. చీటీలు నడపడంలో మన వీధి పెద్దల్ని మించినవాళ్లు బరంపురంలో లేరు. ఎవరి చేతికి ఎప్పుడు డబ్బు అవసరమో, ఎవరు ఎగ్గొడతారో, ఎవరు పస్తులుండైనా కడతారో మీకు మొహం చూస్తే తెలుస్తుంది. రెండేళ్లకోసారి ఠాకురాణీ యాత్రకు ఇంటింటి చందా లెక్క అణా పైసలతో రాసిపెట్టే చేతులు మీవి. ఇది దానిముందు చిన్న పద్దు.

ఒక్క షరతు మాత్రం నాది. అడిగినవాళ్ల పేరు బయటికి రాకూడదు. ఇచ్చినప్పుడు ఫోటో తీయకూడదు. మనవాళ్లలో ఎంత అవసరమున్నా నోరు తెరిచి అడగరు, అడిగిన మాట రేపు రథం వీధి దాకా తెలుస్తుందని. గైడు ఉత్తరాలు, ఆదాయ ధ్రువపత్రాలు, నోటరీలు కూడా అడగకండి, సంతకాల కోసం తిరిగి తిరిగి విసిగిపోయే మీ దగ్గరికి వస్తారు. ఆ నెల హాజరు కాగితం, బ్యాంకు పాస్‌బుక్ చివరి పేజీ చాలు. అందులో అంతా ఉంటుంది.

ప్రభుత్వం ఇస్తోందిగా, మనమెందుకు అంటారేమో. ప్రభుత్వం ఇస్తోంది, కాదనను. ఆలస్యమైన నెలల్లో తిండి పెట్టడం ప్రభుత్వానికి చేతకాదు, మనకు చేతనవుతుంది. రేపు వీళ్లు అమెరికా ఎగిరిపోతారు కదా అని మా మావయ్యే అన్నాడు. ఎగిరిపోతే డాలర్లలో తిరిగి కడతారు మావయ్యా అన్నాను. నవ్వాడు, కానీ ఇంకా ఒప్పుకోలేదు. ఆయన ఈ ఉత్తరం చదువుతాడని తెలుసు.

కల్యాణ మండపం పై అంతస్తుకు ఏసీ పెట్టించాలన్న చర్చ గురించి నేను మాట్లాడను. మే నెలలో అక్కడ పెళ్లి భోజనం చేశాను, ఏసీ అవసరమే.

ఇంకో చిన్న సంగతి. మన ఊరి పక్కనే 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర విజ్ఞానశాస్త్ర విద్యాసంస్థ ఉంది. ఐటీఐ భవనాల్లో మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి అక్కడ జీవశాస్త్రం చదువుతున్నారు. మన డిగ్రీ పిల్లలను ఏడాదికి ఒకసారైనా బస్సు కట్టించి తీసుకెళ్లి ఆ లాబులు చూపించండి. నేను మైక్రోపిపెట్ మొదటిసారి పట్టుకున్నది 22 ఏళ్లకు. నా పక్కన చేరిన పుణె అమ్మాయి పదిహేడేళ్లకే పట్టుకుంది. మూడో ప్రయత్నానికి గాని నేను నెట్ దాటకపోవడంలో ఇదీ ఒక కారణమని నా అనుమానం. ప్రశ్నలో ఉన్న ప్రయోగాన్ని ఆమె కళ్లతో చూసింది, నేను బొమ్మ చూసి బట్టీ పట్టాను.

ఆడపిల్లల పెళ్లి సంగతి కూడా ఒక్క మాటలో అనేసి ముగిస్తాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్లు గడువు, కావాలంటే ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకు ఆ పైన మరో రెండేళ్లు. ఢిల్లీలో ఉన్నవాళ్లు పదేళ్లు ఓపిక పడతామని కాగితం మీద రాసిచ్చారు. మన వీధికి మూడేళ్లకే ఓపిక అయిపోతోంది. చేబదులు అడగడానికి వచ్చిన పిల్లను సంబంధాల గురించి అడగవద్దని కార్యవర్గం తీర్మానంలో రాస్తే ఇంకా సంతోషం. అందరూ నవ్వుతారు, తెలుసు. అయినా రాయండి.

మన ఇళ్ల పిల్లలు నాకు తెలిసి ఇప్పుడు పదకొండు మంది పీహెచ్‌డీలో ఉన్నారు. జీవశాస్త్రంలో అయిదుగురు, మిగతావాళ్లు కెమిస్ట్రీ, తెలుగు, ఆర్థికశాస్త్రం. ఒకమ్మాయి రాయగడ నుంచి, ఇద్దరు పర్లాకిమిడి నుంచి, మిగతావాళ్లు దాదాపు అందరూ మన ఊరివాళ్లే. వీళ్లలో నలుగురికి జూన్ నుంచి డబ్బు రాలేదు. పేర్లు అడగకండి. నిధి తెరిస్తే వాళ్లే వస్తారు, నేను చెప్పాను, వస్తామన్నారు. ఒకడు మాత్రం ముందు మీరు తెరవనివ్వండక్కా, తర్వాత చూద్దాం అన్నాడు. వాడిది గుణుపురమే.

ఇప్పుడు నేనొక ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్‌గా చేస్తున్నాను. 2021లో నాన్న పంపిన 18,000 బకాయి రాగానే తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు, నూలు ఎప్పుడో కొనేశానులే అన్నాడు. అప్పటి నుంచి ఆ డబ్బు నా ఖాతాలో విడిగా ఉంది. దానికి ఇంకో రెండు వేలు కలిపి 20,000కు చెక్కు రాసి సంతకం పెట్టాను. నిధి ఖాతా ఏ పేరున తెరుస్తారో ఇంకా తెలియదు కాబట్టి ఎవరి పేరున అన్నచోట ఖాళీ వదిలాను. 29న సభకు తెస్తాను. ఆలోపు పేరేదో అనుకుని చెప్పండి.

మీ
పట్టు మగ్గాల వీధి పిల్ల